స్మార్ట్‌ఫోన్ అడిక్షన్ స్కేల్‌ని తెలుగులోకి మార్చాను, పిల్లలు "ఎవరి ఫోన్ మేడమ్?" అని అడుగుతున్నారు

అనంతపురం_నర్సింగ్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం, సైకియాట్రిక్ నర్సింగ్. ఇంటర్ చదివే ఆడపిల్లల్లో స్మార్ట్‌ఫోన్ అడిక్షన్ మీద డెజర్టేషన్ చేస్తున్నాను. పైలట్ స్టడీ, అంటే అసలు స్టడీకి ముందు కొద్దిమందితో చేసే ప్రయోగం, అయిపోయింది. లెక్కలు బాగానే వచ్చాయి, గైడ్ మేడమ్ కూడా ఇక మెయిన్ స్టడీ మొదలుపెట్టమన్నారు. నాకే మనసొప్పడం లేదు. ఎందుకో వివరంగా రాస్తున్నాను, కాస్త ఓపిక చేసుకుని చదవండి.

నేను తీసుకున్నది ఎస్ఏఎస్-ఎస్‌వీ, అంటే స్మార్ట్‌ఫోన్ అడిక్షన్ స్కేల్ షార్ట్ వెర్షన్. దక్షిణ కొరియా వాళ్లు 2013లో ముందు 33 ప్రశ్నలతో ఒక స్కేల్ తయారుచేశారు, అదే ఏడాది దాన్ని 10 ప్రశ్నలకు కుదించి ఈ చిన్నది తెచ్చారు. ఒక్కో ప్రశ్నకు 1 నుంచి 6 దాకా మార్కులు, మొత్తం 10 నుంచి 60 మధ్య వస్తుంది. అబ్బాయిలకైతే 31, అమ్మాయిలకైతే 33 దగ్గర కట్ ఆఫ్ పెట్టారు, ఆ గీత దాటితే అడిక్షన్ కింద లెక్క. అక్కడి మిడిల్ స్కూల్ పిల్లలు 540 మంది మీద తేల్చిన అంకెలవి. ఆ తర్వాత ఇది స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్, ఇలా చాలా భాషల్లోకి వెళ్లింది. చిన్నది, ఉచితంగా దొరుకుతుంది, పది నిమిషాల్లో అయిపోతుంది. అందుకే నేనూ దీన్నే ఎంచుకున్నాను.

అనువాదం నేనే చేశాను. తెలుగు లెక్చరర్ ఒకాయన సరిచూశారు. ఇంగ్లిష్ మూలం చూడని ఇంకొకరి చేత తెలుగు నుంచి మళ్లీ ఇంగ్లిష్‌లోకి రాయించాను. దాదాపు సరిపోయింది. సంతోషంగా ఒక ఆడపిల్లల హాస్టల్‌కి 30 షీట్లు పట్టుకెళ్లాను.

ఐదో ప్రశ్న ఇలా రాశాను: "నా స్మార్ట్‌ఫోన్ చేతిలో లేనప్పుడు నాకు అసహనంగా, చిరాకుగా ఉంటుంది." మూడో వరసలో ఒక ఫస్టియర్ బైపీసీ అమ్మాయి అక్కడ పెన్ను ఆపేసింది. క్యాప్ పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం. దగ్గరికి వెళ్తే తలెత్తి, "ఎవరి ఫోన్ మేడమ్?" అంది.

"నీ ఫోనే" అన్నాను.

"నాకు ఫోన్ లేదు మేడమ్. ఇంట్లో అమ్మది ఉంది. పనికి పోయేటప్పుడు అమ్మ తీసుకపోతాది. రాత్రి అన్న చూస్తాడు. సెలవులకు పోయినప్పుడు, అన్న పండుకున్నాక నేను చూస్తా."

"సరే, మరి చేతిలో లేనప్పుడు ఎట్లా ఉంటుంది నీకు?"

"ఎప్పుడూ ఉండదు కదా మేడమ్."

చాలాసేపు ఆలోచించి 5 మీద టిక్ పెట్టింది. ఇంటికొచ్చి కూడితే ఆ అమ్మాయి స్కోరు 38. అంటే సొంత ఫోన్ లేని, హాస్టల్లో ఉన్నన్నాళ్లూ ఫోన్ మొహమే చూడని పిల్ల నా డెజర్టేషన్‌లో అడిక్ట్ కింద లెక్క. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పట్నుంచి షీట్లు ఒక్కొక్కటే తీసి చూస్తున్నాను. మణికట్టు గానీ మెడ వెనక గానీ నొప్పి వస్తుందా అన్న ప్రశ్నకు నలుగురు 6 పెట్టారు. మర్నాడు వెళ్లి అడిగితే అందులో ఇద్దరు ధర్మవరం పిల్లలు, మగ్గాల ఇళ్లవాళ్లు. సెలవుల్లో కండెలు చుడతారు. ఇంకో అమ్మాయికి రికార్డులు రాసి రాసి చెయ్యి లాగుతోందట. ప్రశ్నలో "ఫోన్ వాడేటప్పుడు" అని స్పష్టంగానే ఉంది. వాళ్ల కంటికి ముందు కనబడింది మాత్రం నొప్పి అనే మాట.

ట్విట్టర్, ఫేస్‌బుక్‌లలో ఇతరుల సంభాషణలు మిస్ కాకూడదని ఫోన్ చూస్తూ ఉంటారా అన్నది ఇంకో ప్రశ్న. 2013లో రాసింది కదా. "ఫేస్‌బుక్ మా నాయన చూస్తాడు మేడమ్" అని ఒకమ్మాయి అంటే గదంతా నవ్వులు. వీళ్లు చూసేది యూట్యూబ్, రీల్స్, క్లాస్ వాట్సాప్ గ్రూపు.

"నేను ఫోన్ ఎక్కువ వాడుతున్నానని చుట్టుపక్కల వాళ్లు అంటారు" అన్న ప్రశ్నకు 30 మందిలో ఒక్కరు తప్ప ఎవరూ 1 గానీ 2 గానీ పెట్టలేదు. మన ఇళ్లల్లో ఆడపిల్ల చేతిలో ఫోన్ పది నిమిషాలుంటే చాలు, "ఎప్పుడూ ఫోనేనా" అనే మాట వచ్చేస్తుంది. ఇంటర్‌లో నేనూ పడ్డాను ఆ మాట. అప్పుడు నా చేతిలో ఉన్నది బటన్ల ఫోన్.

అన్నిటికంటే నన్ను కలచివేసింది షీటు మీది శీర్షిక. "స్మార్ట్‌ఫోన్ వ్యసన కొలమానం" అని పెద్దక్షరాలతో పెట్టాను. ఒక అమ్మాయి రాసినంతసేపూ ఎడమ అరచెయ్యి ఆ మాట మీదే ఉంచింది. అయిపోయాక దగ్గరికొచ్చి మెల్లగా అంది, "మా ఇంట్లో వ్యసనం అంటే మా మామ తాగుడు మేడమ్. నేను అట్లాంటిదాన్ని కాదు." షీటు చూస్తే అన్నిటికీ 1, 1, 1. శీర్షిక ఇంకోలా ఉంటే ఆ పిల్ల వేరేగా రాసేదేమో.

ఇప్పుడు నేనేం చెయ్యాలి? ఈ మాటలు మార్చవచ్చా? మారిస్తే 33 అనే కట్ ఆఫ్ పనికొస్తుందా? మార్చకుండా అలాగే చేసి "అనంతపురంలో ఇంతమంది అమ్మాయిలు అడిక్ట్‌లు" అని రాయడం నావల్ల కాదు. రేపు అదే అంకె పట్టుకుని ఎవరో ఒకరు ఆ పిల్లల చేతికి అందే ఆ కాసేపు ఫోన్ కూడా లాగేస్తారు.

రాజమండ్రి_మాస్టారు

అమ్మా, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను సైకాలజీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. సర్వేల కోసం డిప్రెషన్, ఆందోళన షీట్లు తెలుగు చేసే పని చాలా ఏళ్లు చేశాను. నువ్వు పడుతున్న బాధ నాకు బాగా తెలుసు.

నువ్వు బ్యాక్ ట్రాన్స్‌లేషన్ మీద, అదే తెలుగు నుంచి మళ్లీ ఇంగ్లిష్‌లోకి రాయించడం మీద, మరీ నమ్మకం పెట్టుకున్నావు. అది తప్పనిసరే గానీ, అది పరీక్షించేది మాటల్ని మాత్రమే. "అసహనం" చూసి వెనక్కి ఇంగ్లిష్ చేసే ఆయనకి రెండు భాషలూ వచ్చు, ఠక్కున సరైన మాటే రాస్తాడు. ఆ మాట హాస్టల్ పిల్లకి ఎలా అందిందో ఆయనకెలా తెలుస్తుంది? ఒకసారి పల్లెలో నేను "కుంగుబాటుగా ఉంటోందా" అని అడిగితే ఒక పెద్దావిడ "ఎక్కడ కుంగింది నాయనా, మా వీధిలోనా?" అంది. కాగితం మీద ఆ మాటకి వంక పెట్టడానికి లేదు. తర్వాత "మనసు బాగోవడం లేదా" అని మార్చాను. ఆవిడ కొంగు కళ్లకి అడ్డం పెట్టుకుంది, అరగంట మాట్లాడింది.

బ్యాక్ ట్రాన్స్‌లేషన్ తర్వాత చెయ్యాల్సిన మెట్టు ఒకటుంది, దాన్ని కాగ్నిటివ్ ఇంటర్వ్యూ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనువాద పద్ధతిలోనూ ఉంది. పిల్లని ఒక్కదాన్నే కూర్చోబెట్టి, "ఈ ప్రశ్న నీకు ఏమని అర్థమైంది, నీ మాటల్లో చెప్పు. ఆ అంకె పెట్టేటప్పుడు నీ మనసులో ఏమొచ్చింది?" అని అడగాలి. జవాబు తప్పా ఒప్పా అని కాదు, ప్రశ్న ఎలా చేరిందో వినాలి. ఆరేడుగురితో చేస్తే చాలు, సగం లోపాలు బయటపడతాయి. బైపీసీ అమ్మాయితో నువ్వు తెలియకుండానే చేసింది అదే.

ఇక మాటల సంగతి. "వ్యసనం" తీసెయ్యి. మన దగ్గర ఆ మాట వెనక సప్తవ్యసనాలున్నాయి, జూదం, తాగుడు వగైరా. దాన్ని నెత్తిన పెట్టి ఆడపిల్లని నిజం చెప్పమంటే ఎలా చెబుతుంది? "ఫోన్ వాడకం గురించి కొన్ని ప్రశ్నలు" అంటే సరిపోతుంది. స్కేలు పేరు నీ డెజర్టేషన్‌లో ఉంటుంది, పిల్లల చేతిలోని కాగితం మీద ఉండక్కర్లేదు. కొరియా ప్రభుత్వ సర్వేలు కూడా ఇప్పుడు వ్యసనం అనే మాట పక్కన పెట్టి, అతిగా ఆధారపడటం అనే అర్థమొచ్చే మాట వాడుతున్నాయి.

జవాబుల వరస ఎలా రాశావో నువ్వు చెప్పలేదు. "ఒప్పుకుంటున్నాను, ఒప్పుకోను" అని గనక రాసి ఉంటే అదింకో చిక్కు. తెలుగులో ఒప్పుకోవడం అంటే నేరం ఒప్పుకోవడం కూడా. "కొంచెం ఒప్పుకోను" అనే వాక్యం నా జన్మలో ఎవరి నోటా వినలేదు. "నా విషయంలో అస్సలు నిజం కాదు" నుంచి "పూర్తిగా నిజం" దాకా పెట్టి చూడు.

ఏడో ప్రశ్న చూశావా? రోజువారీ బతుకు బాగా దెబ్బతిన్నా ఫోన్ వాడటం మానను, అని. మనకి "మానను" వేరు, "మానలేను" వేరు. మానను అంటే మొండితనం, ఎదురు తిరగడం. మానలేను అంటే చేతకానితనం, సాయం కోరడం. బుద్ధిగా పెరిగిన పిల్ల మేడమ్ ముందు "మానను" అని టిక్ పెట్టదు. ఏ మాట వాడాలో ఇంగ్లిష్ చూసి తేల్చడం కష్టం, ఎందుకంటే ఆ స్కేల్ పుట్టింది కొరియాలో. మనం అనువాదానికి అనువాదం చేస్తున్నాం. మీ పక్కనే పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది, అక్కడ కొరియన్ వచ్చిన తెలుగు దుబాసీలు ఉంటారు. కొరియన్ ప్రతి సంపాదించి ఒక్కసారి వాళ్లకి చూపించు. ఆ భాషలో అది మొండితనమా, నిస్సహాయతా అని అడుగు. వేరే జిల్లాలో ఉన్నవాళ్లకి ఇంత వీలు దొరకదు.

జగిత్యాల_జేఎల్

మేడమ్, నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో పని చేస్తాను. మెడనొప్పి ప్రశ్న గురించి మీరు రాసింది చదివి ఉండబట్టలేక రాస్తున్నాను. మా దిక్కు చాలామంది ఆడపిల్లలు ఇంటికి పోయి అమ్మతోపాటు బీడీలు చేస్తరు. చాట ఒళ్లో పెట్టుకుని, తల వంచి, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టుడు. మెడ వంపు సరిగ్గా ఫోన్ చూసేవాళ్ల వంపే. నొప్పి వచ్చేది కూడా అక్కడనే. మీ షీటు మా కాలేజీలో ఇస్తే సగం మంది 6 పెడతరు, అందులో ఫోన్ పాత్ర ఎంతో మీకు ఎవరూ చెప్పలేరు.

ఇంకో మాట. మా పిల్లల్లో చాటలో ఫోన్ నిలబెట్టి సీరియల్ పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు ఉన్నరు. పొద్దటి నుంచి ఆరు గంటలు ఫోన్ నడుస్తనే ఉంటది. చూసేది అమ్మ, అక్క, పక్కింటి ఆమె, అందరూ. దాన్ని ఎవరి స్క్రీన్ టైమ్ కింద రాయాలె? ఫోన్‌లోని డిజిటల్ వెల్‌బీయింగ్ లెక్క తీసుకోండని ఎవరన్నా సలహా ఇస్తే జాగ్రత్త. అది ఫోన్ లెక్క చెప్తది, మనిషి లెక్క చెప్పదు.

మగపిల్లల దగ్గర దీనికి పూర్తిగా ఉల్టా. వాళ్లను ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. రాత్రి ఒంటిగంట దాకా గేమ్ ఆడి, ఫస్ట్ పీరియడ్‌లో బెంచీ మీద తల పెట్టి పడుకునే పిల్లగాడు కూడా "చుట్టుపక్కల వాళ్లు అంటారు" దగ్గర 2 పెడతడు. నిజంగా ఎవరూ అనలేదు కాబట్టి.

గుంటూరు_అమ్మ

నేను టీచర్నీ కాదు, డాక్టర్నీ కాదండి. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. నెట్‌లో ఇలాంటి పది ప్రశ్నల టెస్టే కనిపిస్తే వాడి చేత చేయించాను, 41 వచ్చింది. రెండు రోజులుగా టెన్షన్‌తో నాకు అన్నం సయించడం లేదు. వాడి చేతిలోంచి ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను, వాడు మాట్లాడటం మానేశాడు. ఈ చర్చ చదువుతుంటే ఏం నమ్మాలో తెలియడం లేదు. 41 అంటే జబ్బు ఉన్నట్టా కాదా, ఎవరైనా చెప్పండి ప్లీజ్.

డ్రెస్డెన్_తెలుగబ్బాయి

అక్కా, నేను ఇక్కడ స్టాటిస్టిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. కట్ ఆఫ్ గురించి మీరడిగిందానికి నా వైపు నుంచి.

మా తాత ధాన్యం కుంచంతో కొలిచేవాడు. మా ఊరి కుంచం, మా అమ్మమ్మ ఊరి కుంచం ఒకటి కాదు. అందుకే పెళ్లికి బియ్యం ఇచ్చిపుచ్చుకునేటప్పుడు "ఎవరి కుంచంతో" అని ముందే తేల్చుకునేవారు. భాష మారిన స్కేల్ కూడా అంతే. రెండు చోట్లా అది ఒకే కుంచమా అని చూసే పరీక్షని మెజర్‌మెంట్ ఇన్వేరియన్స్ అంటారు. ముందు ఆ పది ప్రశ్నలు రెండు చోట్లా ఒకే రకంగా జట్టు కడుతున్నాయా చూస్తారు. తర్వాత ఒక్కో ప్రశ్నకు అసలు విషయంతో ఉన్న ముడి రెండు చోట్లా ఒకే బిగువుతో ఉందా చూస్తారు. ఆఖరిది గట్టి పరీక్ష: ఫోన్ మీద ఒకే మోతాదు యావ ఉన్న ఇద్దరు ఆ ప్రశ్నకు ఒకే అంకె పెడతారా? మీ "చుట్టుపక్కల వాళ్లు అంటారు" ప్రశ్న ఇక్కడే తప్పుతుంది. ఒకే మోతాదు ఉన్నా మీ హాస్టల్ అమ్మాయి 5 పెడుతుంది, జగిత్యాల సార్ చెప్పిన అబ్బాయి 2 పెడతాడు. ఈ మూడో మెట్టు దాటకుండా ఒక ఊరి సగటుని ఇంకో ఊరి సగటుతో పోల్చడం, వేర్వేరు కుంచాల ధాన్యాన్ని పోల్చడమే.

2022లో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది, 24 దేశాలు, దాదాపు 34 వేల మంది యువత, అన్నీ ఈ ఎస్ఏఎస్-ఎస్‌వీతోనే. చైనా, సౌదీ అరేబియా, మలేషియా పైన, జర్మనీ, ఫ్రాన్స్ అడుగున. పేపర్లు దాన్ని ర్యాంకుల్లా వేసుకున్నాయి. నేనుండేది జర్మనీలోనే, ఇక్కడ ట్రామ్‌లో తల ఎత్తేవాళ్లు కనబడరు. మరి తేడా ఎంత వాడకంలో ఉంది, ఎంత జవాబిచ్చే పద్ధతిలో ఉంది? కొన్ని సమాజాల్లో అడిగినవాళ్లకి "అవును" అనడం మర్యాద. ఈ స్కేల్లో పది ప్రశ్నలూ ఒకే దిక్కుకి ఉన్నాయి, "ఫోన్ లేకపోయినా నాకు హాయిగానే ఉంటుంది" లాంటి తిరగేసిన ప్రశ్న ఒక్కటీ లేదు. మర్యాదకి అవునన్నా స్కోరు పెరుగుతూనే పోతుంది. పైగా కొందరు అన్నిటికీ అవునంటూ పోతే క్రోన్‌బాక్ ఆల్ఫా, అంటే ప్రశ్నలన్నీ ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే అంకె, ఇంకా బాగా వస్తుంది! మీ పైలట్ లెక్కలు బాగున్నాయంటే ఆ కోణంలో కూడా ఒకసారి చూడండి.

ఇప్పుడు చిన్న కూడిక చూడండి. ఆరు గళ్లలో 3 అంటే "కొద్దిగా కాదు", 4 అంటే "కొద్దిగా అవును". అన్నిటికీ 3 పెట్టిన అమ్మాయికి 30 వస్తుంది. అన్నిటికీ 4 పెడితే 40. మీ 33 ఈ రెండిటికీ నడుమ ఉంది. అంటే పది ప్రశ్నల్లో నాలుగింటికి 3 నుంచి 4కి జరిగితే చాలు, ఆ పిల్ల గీత అవతలికి వెళ్లిపోతుంది. మాస్టారు గారు చెప్పిన "కొంచెం ఒప్పుకోను" అనే వాక్యమే ఎవరు అడిక్టో తేల్చేస్తోంది. కాబట్టి జవాబుల మాటలు మార్చినా, మార్చకపోయినా, ఆ 33ని కొరియా పిల్లలకే వదిలెయ్యండి.

మీరు ఇన్వేరియన్స్ పరీక్ష చేయలేరు, దానికి వందల మంది కావాలి. కానీ మొదటి పేజీలో ఒక ప్రశ్న చేర్చండి: ఫోన్ సొంతమా, ఇంట్లో అందరిదా, ఎవరి దగ్గర ఉంటుంది? సొంత ఫోన్ ఉన్నవాళ్ల జవాబులు, లేనివాళ్ల జవాబులు ప్రశ్న ప్రశ్నకీ విడివిడిగా చూపించండి. ఆ ఒక్క టేబుల్ ఉన్నా మీ పని విలువైనదే. 2020లో ఒక సమీక్షలో లెక్కేస్తే ఫోన్ వాడకం మీద ఇలాంటి స్కేళ్లు 78 తేలాయి. ఇంకో కొత్తది తయారుచేయాలని మాత్రం అనుకోకండి.

అనంతపురం_నర్సింగ్

అందరికీ చేతులెత్తి నమస్కారం. పది రోజులకి మళ్లీ వస్తున్నాను, ఏం చేశానో చెప్పకపోతే బాగుండదు.

ముందు గుంటూరు అమ్మగారికి. అమ్మా, 41 అంటే జబ్బు అని కాదు. ఇది జల్లెడ లాంటిది, "ఈ పిల్లాణ్ణి ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడండి" అని మాత్రమే చెబుతుంది. స్మార్ట్‌ఫోన్ అడిక్షన్ అనే జబ్బు పేరు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలు చేస్తున్న జబ్బుల జాబితాలో లేదు. గేమింగ్ డిజార్డర్ ఉంది. అది కూడా ఒక టెస్టు స్కోరుతో తేల్చరు, ఎన్నాళ్లుగా ఉంది, చదువు, నిద్ర, స్నేహాలు ఎంత దెబ్బతిన్నాయి అని చూసి తేలుస్తారు. బాబు బడికి వెళ్తున్నాడా, తింటున్నాడా, నిద్రపోతున్నాడా, ఇదివరకు ఇష్టంగా చేసేవి ఇంకా చేస్తున్నాడా? వీటిలో గట్టి మార్పు ఉంటే సైకియాట్రిస్ట్‌కి గానీ సైకాలజిస్ట్‌కి గానీ చూపించండి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఇందుకోసమే 2014 నుంచి షట్ క్లినిక్ నడుస్తోంది. అంతకంటే ముందు బీరువా తాళం తీసి వాడితో మాట్లాడండి, ఏ వేళకి ఎంతసేపో ఇద్దరూ కలిసి అనుకోండి.

మాస్టారూ, మీరన్నట్టే ఆరుగురు అమ్మాయిల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టాను. మెస్ వెనక వేపచెట్టు కింద, ఒక్కొక్కరికి అరగంట. జవాబుల వరస గురించి మీరు సందేహించింది నిజమే, "ఒప్పుకుంటున్నాను" అనే రాశాను. ఒకమ్మాయి సూటిగా అనేసింది: "ఏం తప్పు చేశానని ఒప్పుకోవాలి మేడమ్?"

బైపీసీ అమ్మాయిని ఆఖరున పిలిచాను. ఐదో ప్రశ్న నీ మాటల్లో చెప్పమంటే కొంచెంసేపు చెప్పుల కొనతో మట్టిలో గీతలు గీసింది. తర్వాత అంది: "ఇంటికి పోయినప్పుడు అన్న ఎప్పుడు పండుకుంటాడా అని చూస్తా ఉంటా మేడమ్. గురక వచ్చినాక దిండు కింద నుంచి తీస్తా. ఒక్కోసారి రెండైనా పండుకోడు. నేను కూడా పండుకోను. పొద్దున కళ్లు మంట. ఇక్కడికొచ్చినాక కూడా రెండు మూడు రోజులు ఆ టైముకే మెలకువ వస్తాది."

ఆ పిల్లకి 38 రావడం పూర్తిగా తప్పే అనుకున్నాను. ఫోన్ లేదు కాబట్టి సమస్య కూడా ఉండదని నేనే నిర్ణయించేసుకున్నాను. ఉంది. కాకపోతే నేను "చేతిలో లేనప్పుడు" అని అడిగాను, ఆ పిల్ల బాధ "నా వంతు ఎప్పుడొస్తుందా" అన్నది. ఆ 5 టిక్ పెట్టడానికి అంతసేపు ఎందుకు ఆలోచించిందో ఇప్పుడు తెలిసింది.

అరచేత్తో శీర్షిక మూసిన అమ్మాయికి పేరు లేని కొత్త షీటు ఇచ్చాను. ఈసారి 1లు మూడే ఉన్నాయి. చేతులు మాత్రం రెండూ ఒళ్లో పెట్టుకుని, ప్రతి ప్రశ్నా పెదాలతో చదువుకుంటూ రాసింది.

గైడ్ మేడమ్‌తో గంట మాట్లాడాను. మొదట్లో "ఇదంతా పెట్టుకుంటే టైముకి సబ్‌మిట్ చేయలేవు" అన్నారు. ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టు చదివి వినిపించాక కాసేపు ఏమీ అనలేదు, తర్వాత ఒప్పుకున్నారు. పది ప్రశ్నలూ ఉంటాయి, జవాబుల మాటలు మారతాయి, శీర్షిక పోతుంది. ఫేస్‌బుక్ చోట వాట్సాప్, ఇన్‌స్టా వస్తాయి, మార్చిన సంగతి డెజర్టేషన్‌లో రాస్తాను. ఫోన్ ఎవరిది అన్నది మొదటి పేజీలోనే ఉంటుంది. "ఇంట్లో ఫోన్ నా వంతుకి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ నిద్ర పోగొట్టుకుంటాను" అనే వాక్యం మొత్తంలో కలపకుండా పదకొండోదిగా విడిగా పెడుతున్నాను. 33 వాడటం లేదు. "ఇంత శాతం అడిక్ట్‌లు" అనే వాక్యం నా డెజర్టేషన్‌లో ఉండదు. జగిత్యాల సార్, మీ కాలేజీలో కూడా ఓ పాతికమంది చేత ఈ షీటు నింపించగలరా? బీడీలు చేస్తారా అన్న ప్రశ్న మీకోసం చేర్చాను.

కొరియన్ ప్రతి పంపమని మూల రచయితలకి మెయిల్ పెట్టాను. పెనుకొండలో దుబాసీగా పనిచేసే ఒకాయన మా చిన్నాన్న స్నేహితుడేనని తేలింది. ఆయనకి ఆదివారం సెలవట. ప్రతి వస్తే వచ్చే ఆదివారం పొద్దున బస్సుకి వెళ్తున్నాను. ఏడో ప్రశ్న మానను అవుతుందో, మానలేను అవుతుందో వచ్చాక ఇక్కడే రాస్తాను.